తలుపవతలి అడుగులు

"ముఖం చూపించారో, భయం చచ్చిందన్నమాటే. వచ్చేవాణ్ణి చూపించకండి, వినిపించండి," అన్నారు సినిమా పాఠాలు చెప్పే మాస్టారు.

ఆయన శిష్యురాలు తీస్తున్నది చిన్న సినిమా. ఇంట్లో ఒంటరిగా ఓ పిల్ల. తలుపవతల హంతకుడు. అడుగుల చప్పుడుకే చూసేవాళ్ళ గుండెలు జారిపోవాలి.

స్నేహితురాళ్ళు బూట్లేసుకుని నడిచారు. చెక్క చెప్పులతో నడిచారు. "వీడు హంతకుడా, పాలవాడా?" అని వాళ్ళే పడి పడి నవ్వారు.

చివరికి ఆమే ఎక్కణ్ణుంచో ఫోన్‌లో రికార్డు చేసి తెచ్చింది. టక్కున ఒక అడుగు. దాని వెనక ఏదో ఈడ్చుకొస్తున్నట్టు బరబర. మళ్ళీ టక్.

"అమ్మ బాబోయ్! ఎక్కడ దొరికిందే ఇది?"

"దొరికిందిలే," అంది తలెత్తకుండా.

సినిమా వేసే రోజు నాన్న రాకపోతే బాగుండుననుకుంది. "నీకెందుకు నాన్నా శ్రమ?" అని కూడా అంది. ఆయన వింటేగా! ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అందరికంటే ముందే వచ్చి వెనక వరుసలో కూర్చున్నాడు.

దీపాలు ఆరిపోయాయి. తెరమీద పిల్ల గడియ పెట్టింది. టక్... బరబర... టక్... హాలంతా ఊపిరి బిగబట్టింది. ఎవరో కెవ్వుమన్నారు. ఆమె మాత్రం తెర చూడలేదు. వెనక్కి తిరిగి చూసే ధైర్యమూ లేకపోయింది.

చప్పట్లు. మొదటి బహుమతి.

"అమ్మాయి నాన్నగారు కూడా వచ్చారు! రండి సార్, మీ చేతుల మీదుగానే ఇద్దాం," మాస్టారు మైకులో పిలిచారు.

ఆమె గబుక్కున వెనక వరుసకేసి తిరిగింది.

నాన్న లేవలేదు. కూర్చున్న చోటినుంచే చేతులు జోడించి, తల అడ్డంగా ఊపాడు.

"కూతురికి ఈ సిగ్గు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది!" అన్నారు మాస్టారు. అందరూ నవ్వారు.

ఆమెకు హమ్మయ్య అనిపించింది. అలా అనిపించినందుకు తల కొట్టేసినట్టయింది.

ఆట ముగిసి జనం గుమ్మం దగ్గర తోసుకుంటున్నారు. బహుమతిని వీపు వెనక దాచుకుని ఆమె వెనక వరుస దాకా వెళ్ళింది.

"పద నాన్నా, ఇంటికి పోదాం."

ఆయన కుర్చీని గట్టిగా పట్టుకుని, గొంతు తగ్గించాడు.

"వాళ్ళందర్నీ పోనీ తల్లీ, ఈ కాలు ఈడ్చుకుంటూ నేనిప్పుడు నడిచానంటే నీ హంతకుడెవరో హాలంతటికీ తెలిసిపోదూ?"