తేలొచ్చిన ముక్క

"ఇరవై ఏడో నెంబరు క్యాన్సరే" అన్నాడు డాక్టరు, మైక్రోస్కోపు మీంచి తలెత్తకుండా. "సర్జన్ గారికి ఫోన్ కలపండక్కా."

అక్క ఫోన్ కలపలేదు.

ఆసుపత్రి పాథాలజీ ల్యాబులో ఆవిడ హెడ్ టెక్నీషియన్. అటెండరు దగ్గర్నుంచి డాక్టరు దాకా అందరికీ అక్కే. రోగి ఒంట్లోంచి తీసిన ముక్కని మైనపు దిమ్మలో బిగించి, ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, ఆ పొరని గోరువెచ్చని నీళ్ల తొట్టెలో తేలనిచ్చి, గాజుపలక మీదికి ఎత్తడం ఆవిడ పని. డాక్టరు చదివేది ఆ పలకనే. వాటి మీద పేర్లుండవు, నెంబర్లే. పేరు చూస్తే జాలి పుడుతుంది, జాలి పుడితే కన్ను తప్పుతుందని ఆయన పట్టుదల.

మధ్యాహ్నం దాకా ల్యాబు హుషారుగానే ఉంది. వరసగా మూడు పలకలు, ఇరవై ఆరు దాకా, ఏ జబ్బూ లేకుండా తేలాయి. అక్క అందరికీ టీ కూడా తెప్పించింది. ఏమిటి విశేషమంటే, తాగాలనిపించింది అంది. ఆ టీలు చల్లారకముందే ఈ ఇరవై ఏడు వచ్చి పడింది.

"నన్నోసారి చూడనివ్వండి సార్."

ఎదురు కుర్చీలో కూర్చుని, అదే మైక్రోస్కోపుకి ఇటువైపున్న రెండో జత గొట్టాల్లోంచి చాలాసేపు చూసింది.

"ఈ చెడ్డ ముక్క ఈ మనిషిది కాదేమో సార్. మిగతావాటితో అతకకుండా ఓ మూల పడుంది. దాన్ని చూడాలంటే ఫోకస్ మార్చాల్సొస్తోంది. ఫ్లోటర్ అనుకుంటా."

ఫ్లోటరంటే ఆ గదిలో బూతుమాటతో సమానం. ముందు కోసినదాని నలుసు నీళ్లలో మిగిలిపోయి, తర్వాతి మనిషి పలక ఎక్కడం. అలా జరక్కుండా ఒక్కో దిమ్మ కోశాక నీటి పైభాగాన్ని కాగితంతో తుడవాలి. ఆ మాట జూనియర్ల చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది అక్కే.

డాక్టరు నవ్వాడు. "మీ చేతిలో ఫ్లోటరా? ఇరవై రెండేళ్లలో ఒక్కటి చూపించండి."

"పొద్దున ఇరవై ఆరు కోశాక నీళ్లు తుడవలేదు సార్. ఇప్పుడు గుర్తొస్తోంది."

"మీరా? ఎందుకని?"

"ధ్యాస ఎక్కడో ఉంది."

డాక్టరుకి నవ్వు ఆగిపోయింది. తప్పు అనే మాట వినపడితే చాలు, గుమ్మడికాయల దొంగలా అందరూ భుజాలు తడుముకునే చోటు అది. ఈవిడేమో కోరి మీద వేసుకుంటోంది.

ఫోన్ మోగింది. సర్జన్.

"ఏమయ్యా, అవునా కాదా? రేపు పొద్దున మొదటి ఆపరేషన్ ఆ పిల్లదే. నిండా ముప్పై ఏళ్లు లేవు. నువ్వు అవునంటే రొమ్ము మొత్తం తీసేస్తాను. అయిదింటికల్లా చెప్పు, లేకపోతే థియేటరు దొరకదు."

గోడ గడియారం నాలుగు చూపిస్తోంది.

"అయిదింటికి చెప్తాను సార్" అని పెట్టేశాడు డాక్టరు. "అక్కా, మీరు పొరబడితే ఆ పిల్ల జబ్బుని చేతులారా దాచినవాళ్లమవుతాం."

"పొరబడకపోతే ఆ జబ్బు ఇరవై ఆరుది."

"అది బాగుందని ఇందాకే రాశాను కదా."

"జబ్బున్న నలుసు నీళ్లలోకి పోయాక పలక మీద ఏం కనిపిస్తుంది సార్? రెండు దిమ్మలూ ఇంకా లోతుకి కోస్తాను."

"ఎవరైనా జూనియర్ని కోయమనండి. మీ మొహం బాలేదు."

"వద్దు. లోపల మిగిలింది ఆవగింజంత. చెయ్యి తప్పితే మళ్లీ దొరకదు."

తొట్టెలో నీళ్లు మార్చింది. ఇరవై ఏడు కోసింది. మళ్లీ నీళ్లు మార్చి, ఇరవై ఆరో దిమ్మని మిషన్లో బిగించింది. బిగించినదాన్ని విప్పి, మళ్లీ బిగించింది. అప్పుడు కోసింది. పరువు పోయిందని కుమిలిపోతోంది కాబోలని డాక్టరు చూపు తిప్పుకున్నాడు. ఆయనకి నిజంగానే బాధ వేసింది.

రంగులు పట్టించి పలకలు బల్ల మీద పెట్టేసరికి అయిదుకి పది నిమిషాలు.

ఇరవై ఏడువి ఆరు పలకలు. ఆరూ శుభ్రం. డాక్టరు రెండుసార్లు చూసి సర్జన్‌కి ఫోన్ చేశాడు.

"క్యాన్సర్ లేదు సార్. ఆ పిల్లని ఇంటికి పంపించేయండి."

"చల్లని కబురు చెప్పావయ్యా" అన్నాడు సర్జన్. ఆ మాట అక్కకి కూడా వినపడింది. కళ్లు మూసుకుంది.

ఇక ఇరవై ఆరు. మొదటి పలక బాగుంది. రెండోదీ బాగుంది. మూడో పలక మీద డాక్టరు చెయ్యి ఆగిపోయింది. అవే కణాలు. ఈసారి మూల కాదు, నట్టనడుమ గుంపుగా ఉన్నాయి.

"మీరన్నదే నిజం" అన్నాడు. "నోరు మెదపకుండా ఉంటే ఆ పిల్ల రేపు అన్యాయంగా కోతకి పోయేది. ఈ ఇరవై ఆరేమో జబ్బుని ఒంట్లో పెట్టుకుని తిరిగేది. అయినా మీ పొరపాటు రిజిస్టర్లో రాయక తప్పదక్కా."

"రాయండి సార్."

"ఎవరో ఏమిటో పాపం, బాగుందన్న కబురు విని నిశ్చింతగా ఉండుంటారు. ఇప్పుడు ఈ మాట ఎలా చెప్పాలి? ఆఫీసులో అడిగి ఆ మనిషి ఫోన్ నెంబరు తెప్పించండి. నేనే మాట్లాడతాను."

అక్క గ్లవ్స్ విప్పి బుట్టలో వేసింది.

"ఫోన్ అక్కర్లేదు సార్, ఇరవై ఆరో దిమ్మలో ఉన్నది నా ముక్కే."