అమారో లేస్తాడా?

“చంపేయండమ్మా ఆయన్ని! పీడా వదులుతుంది,” అంది క్రెయూజా, కాఫీ కప్పు ఠక్కున బల్ల మీద పెట్టి.

గదిలో ఆడవాళ్ళంతా నవ్వారు. ఇరాసీ నవ్వలేదు.

రియో నగరం టిజూకా పేటలో ఓ మేడ మీద గది అది. రాత్రి తొమ్మిదింటి సీరియల్ చూసే ఆడవాళ్ళని ఏరి పిలిపించి, కాఫీలూ చీజు ఉండలూ పెట్టి, కథ ఎలా నడుస్తోందో చెప్పమంటారు. ఒక గోడంతా అద్దమే. దాని వెనక టీవీవాళ్ళు కూర్చుని వింటారని రియోలో అందరికీ తెలుసు. అందుకే వచ్చినవాళ్ళంతా పెళ్ళికి వెళ్ళినట్టు ముస్తాబై వచ్చారు. ఇక్కడ వీళ్ళు మూతి విరిస్తే చాలు, అక్కడ సీరియల్లో నిశ్చయమైన పెళ్ళిళ్ళు ఆగిపోతాయి.

ఇవాళ తేలాల్సింది అమారో సంగతి. సీరియల్లో అమారో రొట్టెల కొట్టు యజమాని. ఎవరో మెట్ల మీంచి తోసేస్తే కోమాలోకి పోయాడు. ముఖం నిండా కట్లతో ఎపిసోడ్ల తరబడి పడున్నాడు.

“ఎందుకు చంపాలంటారు?” అని అడిగింది లొరేనా. అందరిచేతా మాట్లాడించే పని ఆ అమ్మాయిది.

“ఎందుకేంటమ్మా! ప్రకటనల ముందు వేలు కదుపుతాడు. ప్రకటనలయ్యాక చూస్తే కదపడు. నేను మా కోడలికి గోళ్ళ రంగు వేస్తూ చూస్తానా, రెండు చేతులూ రెండు కాళ్ళూ అయిపోతాయిగానీ ఆ వేలు మాత్రం లేవదు. ఆయన పోతే వీలునామా చదువుతారు, కూతుళ్ళు జుట్లు పట్టుకుంటారు, కథ పరిగెడుతుంది.”

తలలన్నీ ఊగాయి. లొరేనా అద్దం వైపు ఓసారి చూసింది.

“ఆయన్ని చంపకూడదు,” అంది ఇరాసీ. గొంతు తను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది.

“ఏం, నీకేమన్నా చుట్టమా?” అంది క్రెయూజా.

మళ్ళీ నవ్వులు. ఇరాసీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్కన కూర్చున్న జుసారా అది గమనించింది. ఆవిడ బడిపిల్లలకి వంట చేస్తుంది. ఏడుపు మొదలవక ముందే పసిగట్టడం ఆవిడకి అలవాటు.

“ఏంటక్కా, మీ ఇంట్లో కూడా ఎవరన్నా ఇలాగే…?”

“మా ఆయన,” అంది ఇరాసీ. “కార్నివాల్ పండగ అయినప్పట్నుంచీ మంచం మీదే. కళ్ళు తెరవడు. నోట్లోంచి ఒక్క మాట లేదు.”

క్రెయూజా లేచొచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. “నా నోరు పడిపోనూ! తెలీక అన్నాను తల్లీ. పెద్దవాళ్ళేమంటున్నారు మరి?”

“ఈ వారంలో తేల్చేస్తారట.”

“అయ్యో! అయితే అమారోని లేపేద్దాం, ఏమంటారు?” అంది క్రెయూజా అందరివైపూ తిరిగి.

“జాలిపడి లేపొద్దు,” అంది ఇరాసీ కళ్ళు తుడుచుకుని. “కథ బాగుంటుందనుకుంటేనే లేపండి. క్రెయూజా చెప్పిన సాగదీత నిజమే. కానీ అది మంచం మీద ఉన్నాయన తప్పు కాదు. మంచం చుట్టూ నిలబడి ముగ్గురు అదే ఏడుపు, అవే మాటలు. అవి కొయ్యండి. ఆయన్ని చంపితే, తోసింది ఎవరో చెప్పేదెవరు? ఏ సొరుగులోంచో ఉత్తరం బయటికి తీస్తాడు ఆ రాసేవాడు. అలాంటి ఉత్తరాలు ఎన్ని చూళ్ళేదు మనం! కథ పరిగెత్తడం వేరు, గోడ దూకి పారిపోవడం వేరు.”

“మరి ఎలా లేపాలంటావ్?” అంది క్రెయూజా.

“ముందు ఆ వేలు కదపడం మానేయాలి. మరదలు పిల్ల వస్తుంది. చెవిలో ‘తోసింది నేనే బావా’ అని నవ్వి పోతుంది. తలుపు పడుతుంది. అప్పుడు కళ్ళు తెరుస్తాడు. చూసింది మనమొక్కళ్ళమే. నర్సు వచ్చేసరికి మళ్ళీ మూసేస్తాడు. ఇక ఇంట్లోవాళ్ళు ఒక్కొక్కళ్ళూ వచ్చి గుట్టంతా కక్కేస్తుంటారు, ఆయన వింటుంటాడు. శనివారం దాకా లాగినా నేను కిక్కురుమనను. మనకి తెలుసు, వాళ్ళకి తెలీదు. ఇంకేం కావాలి?”

క్రెయూజా చేతిలో చీజు ఉండ చేతిలోనే ఉండిపోయింది. “ఓసి నీ దుంపతెగ! శనివారం ఏమవుతుందే?”

“అందరూ ఆస్తి పంచుకుంటుంటే లేచి కూర్చుని, కాస్త కాఫీ ఇస్తారా అంటాడు.”

గదంతా గొల్లున నవ్వింది. చంపాలన్నవాళ్ళు ఒక్కళ్ళు మిగల్లేదు. అద్దం వెనక కూడా ఎవరో పకపకా నవ్వారు, స్పష్టంగా వినిపించింది.

బయటికొస్తుంటే వసారాలో ఒకతను ఫోనులో చెబుతున్నాడు. “ఆ శవపేటిక వద్దని చెప్పెయ్. ముసలాయన లేస్తున్నాడు. డాక్టరు వేషం వేసేవాడికి కొత్త సీన్లు పంపిస్తాం.”

ఇరాసీ గోడ పట్టుకుని ఆ మాట చివరిదాకా విని మెట్లు దిగింది. ఇంటికి పోయే మేయెర్ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, నవ్వుతూ ఏడ్చింది. ఎదురుగా ఉన్న పెద్దాయన గాభరాగా రుమాలు ఇవ్వబోతే, “ఏం లేదు నాయనా, సంతోషం,” అంది.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. గదిలో తెర వేసుంది. మంచం పక్కన సీరియల్ కాయితాలు పడున్నాయి. ఆయన వెల్లకిలా, కళ్ళు మూసుకుని, చేతులు పొట్ట మీద పెట్టుకుని ఉన్నాడు. ఇరాసీ మంచం అంచున కూర్చుని నుదుటి మీది జుట్టు సర్దింది. ఇన్నాళ్ళలో మొదటిసారి ఆ ముఖం చూస్తే ఆమెకి భయం వేయలేదు. చెవి దగ్గరికి వంగింది.

“ఇక లేవయ్యా, సీరియల్లో నిన్ను చంపట్లేదు.”