చల్లారిందా మామా?

మూడో ఇరుసు కూడా వంగింది.

వెల్డరు ఈ చివర నుంచి ఆ చివరకి దారం లాగి చూశాడు. మధ్యలో బొటనవేలు దూరేంత సందు. మొహానికి పెట్టుకునే నల్లద్దం తొడుగు నేలకేసి కొట్టబోయాడు. అది కొత్తదని గుర్తొచ్చి, మెల్లిగా పక్కన పెట్టాడు.

ఇన్నేళ్లుగా అతను అతికించిన ఇరుసుల మీద ఏనుగులు గంతులేసినా చెక్కు చెదరలేదు. అలాంటిది, ఇప్పుడు వరసపెట్టి కుక్కతోకలు.

షెడ్డు ఓనరు వచ్చి వంగి చూశాడు.

"ఏమయ్యా, ట్రాలీకి ఇరుసు చెయ్యమన్నానా, విల్లు చెయ్యమన్నానా?"

"స్ప్రింగు కమాన్లు కూర్చునే ముక్కలు అతికిస్తుంటే వేడికి గుంజేస్తోందండీ."

"ఇంకొక్కటే ఉంది. అదీ వంగిందంటే ఇక ఈ షెడ్డు మొహం చూడకు."

వెల్డరు ఆ మిగిలిన ఇరుసు వైపు నడిచాడు.

పని తెలీక కాదు. ఇటో కుట్టు, అటో కుట్టు వెయ్యాలి. కుట్టుకీ కుట్టుకీ మధ్య ఇనుము చల్లారాలి. అరచెయ్యి ఆనించి, ఊపిరి తీసి వదిలేదాకా ఉంచగలిగితే చల్లారినట్టు. తొందరపడితే ఇనుము కొత్తపెళ్లికూతురిలా అలుగుతుంది. షెడ్డులో అందరికీ అదే లెక్క.

పోయిన వారం అలా చెయ్యి పెట్టే ఎడమ అరచెయ్యి కాల్చుకున్నాడు. కట్టు ఇంకా విప్పలేదు. కుడిచెయ్యి కూడా కాలితే కూడు పెట్టేదెవరని పెళ్లాం పోరుపెట్టి, వాళ్ల నాన్నని సాయం పంపింది. మేనమామే, పిల్లనిచ్చిన మామ కూడా. మొదటి ఇరుసు నుంచీ ఆయనకి పనల్లా ఒకటే. స్టూలు మీద కూర్చోవడం, పిలిస్తే లేచి చెయ్యి పెట్టి చూడటం.

నాలుగో ఇరుసుని లావుపాటి దూలానికి క్లాంపులతో బిగించాడు వెల్డరు. ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని మొదటి కుట్టు వేశాడు. ఆగాడు.

"చల్లారిందా మామా?"

మామ అరచెయ్యి ఆనించి, నింపాదిగా ఆవలించాడు. "మంచుముక్క. కానీ."

రెండో కుట్టు.

"చూడు మామా."

"ఎప్పుడో చల్లారింది."

"ఇంత తొందరగానా?"

"నీ పెళ్లాం కోపంలా అనుకున్నావా, రోజులు పట్టడానికి? కానీ అల్లుడూ."

అలా చివరి కుట్టు దాకా అయింది. క్లాంపులు విప్పాడు. ఇరుసు టంగుమని మోగి, నడుం పట్టేసిన ముసలాడిలా ఒంగింది.

వెల్డరు తల పట్టుకుని నేల మీద చతికిలబడ్డాడు. ఓనరు దారం తియ్యమని కూడా అడగలేదు. గేటు వైపు వేలు చూపించాడు.

"నా తప్పేంటో చెప్పి పంపండి సార్. చల్లారకుండా ఒక్క కుట్టు వెయ్యలేదు."

"పోనీలే అల్లుడూ," అన్నాడు మామ జాలిగా. "పాడు ఇనుము. కాస్త టీ తాగు, మనసు కుదుటపడుతుంది."

జుట్టు నెరిసేదాకా కొలిమి ముందే బతికిన ఆ మామ, షెడ్డు మూల పొయ్యి మీద సలసలా మరుగుతున్న టీ గిన్నెని ఒట్టి అరచేతులతో ఎత్తి పట్టుకుని, అల్లుడూ ఓనరూ నోళ్లు తెరుచుకుని చూస్తుండగా, "ఎక్కడ పెట్టమంటావు?" అని తాపీగా నిలబడ్డాడు.