పదికి ఎంత?

మార్లిస్ వైద్య గంజాయి కార్డు గడువు రేపటితో సరి. ఏటేటా డాక్టరు మళ్లీ రాసిస్తేనే దుకాణంలో ఆ నొప్పి మందిస్తారు.

"నొప్పి పదికి ఎంతండీ?" ఫోన్ తెర మీంచి అడిగింది డాక్టరు.

షిఫ్టుకు టైమైపోతోందని ఒక బూటు తొడుక్కుని, రెండోది చేత పట్టుకుని, కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్న భర్త ఆరిన్ అందుకున్నాడు. "రెండే! రోజూ నేనే అడుగుతాగా."

"రెండైతే కార్డెందుకు?" డాక్టరు రాయడం ఆపేసింది.

"ఎనిమిది," అంది మార్లిస్.

"కార్డు కోసం మరీ ఇంత అబద్ధమా!" ఆరిన్ గొణిగాడు.

"పోయినేడూ ఎనిమిదే చెప్పారు. అంతకుముందేడు తొమ్మిది," అంది డాక్టరు.

ఆరిన్ నిలబడిపోయాడు. "మరి నాకెప్పుడూ రెండంటావే?"

"నువ్వెప్పుడూ బూట్లు తొడుక్కుంటూనే అడుగుతావుగా."