కిక్కు నొక్కినవారు

గన్నవరం కాలవగట్టు మీద చీకటి పడేవేళ, యుద్ధకాలం నాటి మోటారు సైకిలు గలగలమంది. ఇంజను లోపలి చైను వదులైంది. కాంపౌండరు సత్యానందం దిగి మూత విప్పాడు. లాంతరు అడిగి తెస్తానని భార్య రత్నమాల లాకుల వైపు వెళ్లింది.

కాసేపటికి వెనక అడుగుల చప్పుడైంది.

"వచ్చేవా? కిక్కు మెల్లిగా నొక్కు. నా వేలు చైను మీదుంది, జాగ్రత్త," అన్నాడు తలెత్తకుండా.

కిక్కు మెల్లిగా దిగింది. చైను కదిలింది. వేలు పళ్లచక్రం దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ, అతను చెప్పకముందే కిక్కు ఆగింది. బిగువు కుదిరాక నట్టు బిగించాడు.

"రత్నం, నా వేలు దక్కించేవే!"

తలెత్తితే గట్టు చివర లాంతరు కనబడింది. దాని వెలుగులో రత్నమాల వస్తోంది.

వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ లేరు. అయినా, సాయం చేసినవాళ్లని అన్నం పెట్టకుండా పంపడం సత్యానందం ఇంటావంటా లేదు. చీకట్లోకి చేతులు జోడించాడు.

"ఎవరో గానీ, చాలా మేలు చేసేరండీ. మా ఇంటికొచ్చి ఓ ముద్ద తిని వెళ్లాలండీ."

"ఆయ్," అని వినిపించింది.

రత్నమాల ఇంకా దూరంగానే ఉంది. వెనక సీటు స్ప్రింగు కిర్రుమంటూ కిందికి దిగింది.