పెద్ద ఇంజను

ప్రణవి తన పాత చిన్న కారును ఫిల్మ్ నగర్‌లో నర్సింహ మెకానిక్ షెడ్డు ముందు ఆపి, దానికి పెద్ద ఇంజను బిగించమని అడిగింది.

"నేను చెయ్యనమ్మా," అన్నాడు నర్సింహ, బానెట్ కూడా ఎత్తకుండానే.

"ఎందుకు చెయ్యరు? అందరికీ చేస్తారుగా!"

"పదిహేనేండ్ల బండి ఇది. ఇంజను ఉరుకుతది గని బ్రేకులు ఆపలేవు. జూబ్లీహిల్స్ దిగంగ మలుపు కాడ నీ పానం పోతది!" నర్సింహ అరిచినంత పని చేశాడు. "ఇంకో షెడ్డుకు పోదామనుకుంటున్నవేమో. మీ ఇంటోళ్ల నంబరియ్యి, ఇప్పుడే చెప్త."

ప్రణవి గొంతు పెంచింది.

"ఇన్ని మాటలు తెలుసు కదా మీకు! నిరుడు మా తమ్ముడు వచ్చి ఇదే అడిగితే ఒక్కటైనా ఎందుకు చెప్పలేదు? మీరు ఇంజను మార్చిన వారానికి ఆ మలుపులోనే పోయాడు."

నర్సింహ ముఖం పాలిపోయింది. చేతిలోని పానాను బల్లమీద పెట్టాడు.

"వద్దంటే గిరాకీ పోతదని నోరు మూసుకున్న. ఈ మాటలన్నీ ఆ పిలగాడు పోయినంక నేర్చినయేనమ్మా."

"నాకు ఇంజనూ వద్దు, ఏమీ వద్దు. మీరు ఒప్పుకుంటే వినాలనే వచ్చాను."

ఆమె కారెక్కి తలుపు ధడాలున వేసుకుంది. కిటికీ అద్దం దించి అతని వైపు చూసింది.

"వింటే కోపం తగ్గుతుందనుకున్నాను," అంది.