రంగు సీసా ఎంత దూరంలో ఉండేది?

"రంగు సీసా పొట్టకి ఎంత దూరంలో ఉండేదో అడుగుతున్నారమ్మా," అంది వసంతి.

దుకాణం బల్ల వెనక కూర్చున్న నరసమ్మ జానెడు చూపించి, కాస్త ఆలోచించి ఇంకో రెండు వేళ్లు కలిపింది. ఇంగ్లండు నుంచి వచ్చిన శాస్త్రవేత్త పార్కర్ దొర టేపు తీసి ఆ జానెడునీ, ఆ రెండు వేళ్లనీ కొలిచి రాసుకున్నాడు.

అది 1967. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఈ దీవిలోని ప్లేన్ మాన్యెన్ విమానాశ్రయం పక్క షెడ్డులో, విమానాల మీటర్ల అంకెలకి చీకట్లో మెరిసే రంగు వేసినవాళ్లని వెతుక్కుంటూ వచ్చాడాయన. ఆ రంగులో రేడియం ఉండేదని నరసమ్మకి ఇప్పుడే తెలిసింది. ఆయనకి దీవి భాష క్రియోల్ రాదు, నరసమ్మకి ఇంగ్లీషు రాదు. ఊరి బడిలో తెలుగు చెప్పే వసంతే అటు మాట ఇటూ, ఇటు మాట అటూ చేరవేస్తోంది.

"కుంచెని పెదవులతో తడిపే అలవాటు ఉండేదా అని."

"ఛీ, ఆ వాసనకే కడుపులో తిప్పేది. నీళ్లలో ముంచేదాన్ని."

"ఎన్నాళ్లు చేసినట్టు?"

"ఐదు నెలలు. తర్వాత మానేశాను."

"అప్పటి నడుము కొలత కావాలట."

నరసమ్మ నవ్వింది. "ఏ నెలది చెప్పను? నెలకోసారి జాకెట్టు కుట్లు విప్పుకునేదాన్ని."

"ఐదు నెలలవీ చెప్పమంటున్నారు."

గుర్తున్నంతవరకు చెప్పింది. అప్పట్లో చేపల కూర తెగ తినేదాన్నని కూడా చెప్పింది. పార్కర్ అదీ రాసుకున్నాడు.

"ఇదంతా ఏం చేసుకుంటాడు?"

వసంతి కనుక్కుని చెప్పింది. "లండన్లో గదంత కంప్యూటరు ఉందట. అందులో లెక్కలతోనే ఓ శరీరాన్ని కడతారు. సీసాలోంచి వేలకొద్దీ కిరణాలు వచ్చినట్టు ఊహించి, ఏది ఎక్కడ తగిలి ఆగిందో చూస్తారు."

"ఆ శరీరమూ నా అంత లావుంటుందా?"

"ఉంటుందట."

"పాపం, కంప్యూటరు."

వసంతి నవ్వబోయి ఆగింది. పార్కర్ వైపు తిరిగి తనే ఏదో అడిగింది. ముందు లెక్క రానివ్వమన్నాడాయన.

మూడు నెలలు గడిచాయి. పోస్టుమాన్ సైకిలు వినిపిస్తే చాలు, నరసమ్మ ఉప్పు అడిగినవాళ్లకి పంచదార కట్టిచ్చేది. ఉత్తరం వచ్చిన రోజు వసంతి దాన్ని బల్ల దగ్గరే చింపి, నిలబడి రెండుసార్లు లోలోపల చదువుకుంది.

"పైకి చదువు," అంది నరసమ్మ.

"తగిలింది చాలా తక్కువట. ఒకటి రెండు ఎక్స్‌రేలు తీయించుకున్నంత. భయపడాల్సింది ఏమీ లేదట."

"మళ్లీ చదువు."

మళ్లీ చదివింది. ఎండుచేపలకి వచ్చిన మిషెలిన్ నరసమ్మ భుజం తట్టింది. "ఇంక నువ్వు నూరేళ్లు బతుకుతావు."

"నా గురించి నాకెప్పుడూ బెంగ లేదు," అంటూ నరసమ్మ వసంతి ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది.

ఆ ఐదు నెలలూ ఆమె కడుపులో ఉన్నది వసంతి.